రెండూ ఉంటేనే

నంద్యాల దాటినామని భువన తల్లి హంపమ్మ ఫోన్ చేసింది. బస్సు హోరులో ఆమె మాట సగమే వినబడింది, మిగతా సగం నిస్సీ ఊహించుకుంది, ఇంకో గంట, ఎంత ఆలస్యమైనా గంటంపావు, ఆ తర్వాత ఆ తల్లి ఈ మెట్లెక్కి వస్తుంది, వచ్చి నా బిడ్డకేమైందని అడుగుతుంది, అప్పుడు తను ఏదో ఒకటి చెప్పాలి. కర్నూలు పెద్దాసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని, వచ్చేపోయేవాళ్ళ చెప్పుల చప్పుడు వింటూ కూర్చుంది. మధ్యాహ్నపు ఎండ వరండా సగం దాకా వచ్చి ఆగింది. లోపల, ఆ పచ్చ తలుపు వెనక, కిటికీ పక్క మంచం మీద భువనకు రక్తం ఎక్కుతోంది. తొమ్మిదో తరగతి పిల్ల, తన క్లాసు పిల్ల, ముందు బెంచీలో గోడ పక్కన కూర్చునే పిల్ల. నిన్న సాయంత్రం ఆటల పీరియడులో ఖోఖో ఆడుతూ, వీపు మీద చెయ్యి పడగానే లేచి పరిగెత్తబోయి, రెండడుగులు వేసి, అలాగే ముందుకు వాలిపోయింది. నిస్సీ పరిగెత్తుకెళ్ళి తల ఒళ్ళో పెట్టుకుంటే ఆ పెదవుల మీద మట్టి అంటుకుని ఉంది, మట్టి ఎర్రగా ఉంది, పెదవులు ఎర్రగా లేవు. రాత్రి ఇక్కడ డాక్టరు కంటి రెప్ప కిందికి లాగి చూసి, ఇంత తక్కువ రక్తంతో ఈ పిల్ల ఇన్నాళ్ళు ఎలా తిరిగింది, బడిలో ఎవరూ చూడలేదా, అన్నాడు. ఆయన ఎవరినీ ఉద్దేశించి అనలేదు, చీటీ రాసుకుంటూ అన్నాడు, జవాబు కోసం తలెత్తను కూడా లేదు. నిస్సీ తల దించుకుంది. ఎవరూ చూడకపోవడమేమిటి, చూసింది, అందరికంటే దగ్గరగా తనే చూసింది, పిల్లలందరి ముందు నిలబెట్టి మరీ చూసింది.

కంప్యూటర్ టీచరుగా ఆ బాలికల హాస్టల్ బడిలో చేరి రెండేళ్ళు కాలేదు. ఎమ్మిగనూరు దాటాక, రోడ్డు దిగి, కందిచేల మధ్య నుంచి వెళ్ళాలి. ఎర్రగుంట్లలో పుట్టి, సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ములో పెరిగిన తనకు ఆ ఊళ్ళ మాట మొదట్లో సగం అర్థమయ్యేది కాదు, డబ్బుల్ని దుడ్లంటారు, పిల్లల అమ్మానాన్నలు ఏడాదిలో సగం రోజులు ఊళ్ళలో ఉండరు, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్ళిపోతారు, అందుకే పిల్లలు హాస్టల్లో ఉంటారు. పైథాన్ అంటే ఏదో పెద్ద పాము కథ చెబుతానని అనుకున్నారు మొదటిరోజు. ప్లస్, మైనస్ చూసి, ఇవి మాకు తెల్సు టీచర్, అన్నారు. గుణకారానికి నక్షత్రం గుర్తు పెడితే నవ్వారు. గంపలోవి అందరికీ సమంగా పంచగా మిగిలినవెన్నో చెప్పే గుర్తు చూసి, ఇది బాగుండాది, మిగిలినేవి నాకే, అని ఒకతి అరిచింది. ఒక ఈక్వల్ గుర్తుకీ రెండు ఈక్వల్ గుర్తులకీ తేడా చెప్పడానికి తను రాత్రంతా తయారై వెళ్తే, భువన లేచి, "ఒకటైతే ఇది ఇంతని చెప్పేది, రెండైతే ఇది ఇంతేనా అని అడిగేది, అంతే గదా టీచర్?" అంది. అంతే. అంతకంటే బాగా చెప్పే పుస్తకం తను చదవలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల అంటే ఇష్టం, ఏ పాఠానికైనా ముందు ఆ పిల్ల ముఖం వైపు చూసేది, అర్థమైందంటే ఆ కనుబొమ్మలు విడిపోయేవి. ఆ ముఖాన్నే చూసేది రోజూ. చెప్పేదీ అడిగేదీ వేరువేరని ఆ పిల్ల తనకు నేర్పింది, తను మాత్రం ఆ పిల్లను ఒక్కసారీ సరిగ్గా అడగలేదు.

వరండాలో ఎవరో ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకుంటూ వెళ్ళారు, ఇనుప చక్రాల చప్పుడు నేల మీద నుంచి ఒంట్లోకి ఎక్కింది, నిస్సీ కాళ్ళు ఇంకా దగ్గరికి ముడుచుకుంది. జీవమ్మక్క అడిగిన రోజు బడి మెట్ల మీద కూర్చుని ఉన్నారు ఇద్దరూ. జీవమ్మ ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఒక్కతే నర్సు, నెలకోసారి బడికి వచ్చేది, పిల్లల్ని వరసగా నిలబెట్టి కళ్ళు, గోళ్ళు చూసి మాత్రలిచ్చేది. "ఇంతమంది పిల్లోల్లను నేనొక్కదాన్నే ఎట్ల సూసేది నిస్సీ? నీ కంప్యూటర్లో ఏమన్నా సులువు చెయ్యగూడదా? పిల్లోల్లే టైపు కొట్టుకుంటే, ఎవుర్ని ఆసుపత్రికి తోలల్నో అదే చెప్పేట్టు?" అంది. ఏమేం అడగాలక్కా అంటే, "ఏముండాది, నెత్తురు తక్కువుండేటోల్లకు ఆయాసమో, కండ్లు తిరిగేదో ఉంటాది. ఏదున్నా తోలల్ల," అంది. ఏదున్నా. ఆ మాట వినబడలేదని చెప్పుకోవడానికి లేదు. వినబడింది. మెట్ల మీద ఎండ పడుతోంది, జీవమ్మ వేరుశెనక్కాయలు వలుస్తోంది, రెండు గింజలు తన చేతిలో పెట్టింది కూడా. అప్పటికే తన బుర్రలో వేరే సంగతి తిరుగుతోంది, ఆ వారం పాఠం అండ్, వచ్చే వారం పాఠం ఆర్, జిల్లా నుంచి అధికారులు ఎల్లుండి బడి చూడ్డానికి వస్తున్నారు, పుస్తకంలో ఉదాహరణలు వాళ్ళ ముందు చప్పగా ఉంటాయి, ఇదైతే మంచి ఉదాహరణ, పిల్లల జీవితానికి పనికొచ్చే ఉదాహరణ. ఆర్ ఇంకా చెప్పలేదు కాబట్టి అండ్ పెట్టింది. ఆయాసం ఉండాలి, కళ్ళు కూడా తిరగాలి, అప్పుడు తెర మీద ఆసుపత్రికి పంపాలి అని ఎర్రగా వస్తుంది, లేకపోతే పర్వాలేదు అని పచ్చగా వస్తుంది. పాఠం కోసమే కదా, వచ్చే వారం ఆర్ చెప్పేటప్పుడు మార్చేద్దాం, అనుకుంది. ఒక్క మాట మారిస్తే సరిపోతుంది. తెలియక చేసిన తప్పయితే ఈ వరండాలో ఇంత బరువుగా ఉండేది కాదేమో, తెలిసి, పాఠానికి కుదిరిందని చేసింది.

ముందుకెవరొస్తారు అని అడిగితే భువన వచ్చింది. వెనక కుర్చీల్లో అధికారులు కూర్చుని ఉన్నారు, వాళ్ళలో ఒకాయన ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు, నిస్సీ గొంతు మామూలు కంటే కొంచెం పైకి వెళ్ళింది. ఆయాసం వస్తుందా భువనా, అని అడిగింది. "మెట్లెక్కితే వస్తాది టీచర్." అయితే ట్రూ కొట్టు. కళ్ళు తిరుగుతాయా? "లేదు టీచర్." అయితే ఫాల్స్. పిల్ల ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. తెర మీద పర్వాలేదు అని పచ్చగా వచ్చింది. చూశారా పిల్లలూ, ఒకటి నిజం, ఒకటి అబద్ధం, అండ్ కి ఆ రెండూ కలిస్తే అబద్ధమే, రెండూ ఉంటేనే నిజం, అంది తను, బోర్డు మీద రాసింది, అందరూ చప్పట్లు కొట్టారు, భువన కూడా తన ముఖంలోకి చూస్తూ చప్పట్లు కొట్టింది, అప్పుడు ఆ గోళ్ళు కనబడ్డాయి, తెల్లగా, కాగితంలా, అప్పుడు ఒక్క క్షణం తన మనసులో ఏదో ఆగింది. మెట్లెక్కితే ఆయాసమా, ఈ వయసులోనా, రెండు మూడు మెట్లకేనా? అడగాలనుకుంది. వెనక నుంచి వెరీ గుడ్ అన్నారెవరో. అడగలేదు. ఆ రోజు సాయంత్రం అదే వీడియో చూస్తూ తన చీర మడతలు సరిగ్గా లేవనుకుంది. దేవా, ఆ వీడియోలో తను చీర చూసుకుంది.

తర్వాతి వారం ఆర్ చెప్పింది కూడా. టీ గానీ కాఫీ గానీ, రెండిట్లో ఏదిచ్చినా తాగుతాను, ఏదో ఒకటి నిజమైతే చాలు. పిల్లలు, మాకు బూస్టు టీచర్, అని నవ్వారు. చెబుతున్నంతసేపూ ఆ ఆసుపత్రి ప్రోగ్రాం మనసులో మెదులుతూనే ఉంది, ఆ ఫైలు తెరిచి మార్చాలి, మార్చాలి, గంట కొట్టారు, పరీక్షల పేపర్లొచ్చాయి, ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే గుర్తొచ్చింది, ఇంకోరోజు చర్చిలో పాట మధ్యలో గుర్తొచ్చింది, గుర్తొచ్చిన ప్రతిసారీ రేపు అనుకుంది. ఈలోగా జీవమ్మక్క నెల తనిఖీకి వచ్చి, పిల్లలందరిచేతా కొట్టించి, ఎర్రగా వచ్చినవాళ్ళను పక్కకు నిలబెట్టుకుని, పచ్చగా వచ్చినవాళ్ళను క్లాసులకు పంపేసింది, భలే సులువయ్యిందమ్మా నిస్సీ, అని భుజం తట్టింది. నిన్న అంబులెన్సు తలుపు వేస్తుంటే భువన పక్క బెంచీ పిల్ల శివకుమారి ఏడుస్తూ వచ్చి చెప్పిన మాటలు ఇక్కడ దాకా వెంట వచ్చాయి, ఇంకా ఇక్కడే ఉన్నాయి. "వారం నుంచి పండుకున్యా ఆయాసమొస్తాండాది దానికి టీచర్. మీకు చెప్దాం రామ్మే అంటి. కంప్యూటరే పర్వాలేదనింది, టీచర్ రాసింది తప్పుంటాదా అనింది." టీచర్ రాసింది తప్పుంటాదా. కన్ను మూస్తే ఆ మాటే, కన్ను తెరిస్తే ఎదుటి గోడ, గోడ మీద ఎవరో గోటితో గీకిన పేర్లు.

ఫోన్ మోగితే ఉలిక్కిపడింది, హంపమ్మ కాదు, నాన్న. ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి ఇంటికి నడుస్తూ చేస్తున్నాడు, వెనకాల లారీలు. "తిన్యావామ్మా? పాప ఎట్లుండాది? ఈడ సంఘంలో ప్రార్థన పెట్టినాం. మీ వార్డెనమ్మ మీ అమ్మతో చెప్పిందంట, నువ్వే ఎత్తుకోని పరిగెత్తినావంట, నీ వల్లే బతికిందంట పాప. శానా సంతోషమాయమ్మా నాకు." నాన్నా, అంది నిస్సీ. చెప్పమ్మా, అన్నాడు నాన్న, అంటూనే దగ్గాడు, ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. చెప్పాలనుకున్న మాట నాలుక చివర నుంచి వెనక్కి వెళ్ళిపోయి, ఆసుపత్రిలో చూపించుకున్నావా ఆ దగ్గు, అని బయటికొచ్చింది. దుమ్ములేమ్మా, ఏంల్యాదు, అన్నాడు. ఏం లేదు. ఆయాసమడిగితే ఏం లేదనే మనుషుల మధ్యనే పెరిగింది తను, లేదన్న మాట వెనక ఎంత ఉంటుందో ఎవరూ చెప్పకుండానే తెలిసిన మనిషి తను. అలాంటిది, ఒక పిల్ల మెట్లెక్కితే వస్తాది అని నోరు తెరిచి చెప్పింది, చెప్పినదాన్ని తీసుకుని బోర్డు మీద ఉదాహరణ చేసింది. ఫోన్ పెట్టేశాక ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంది. భువనను బాగుచేయి అనడం వచ్చింది. ఆ తర్వాత మాట రాలేదు, క్షమించు అని ముందు దేవుడితో అనేస్తే ఆ తల్లితో అనే పని తప్పించుకున్నట్టవుతుందని ఎందుకో అనిపించింది.

జీవమ్మ కింద నుంచి టీ తెచ్చి పక్కన కూర్చుంది. తనతోపాటు అంబులెన్సులో వచ్చింది, రాత్రంతా రక్తం కోసం తిరిగింది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఎక్కువ ఆలోచించొద్దు నిస్సీ. పిల్ల దాసిపెట్టింది, మనమేం జేస్తాం. అడిగితే లేదనేటోల్లే అందరూ," అంది. అంతే, ఆ మాటకు ఊ కొడితే అయిపోతుంది. పిల్ల దాచింది. వార్డెన్ అదే అనుకుంటుంది, అధికారులూ అదే రాసుకుంటారు, బడికి వెళ్ళాక ఆ ఒక్క మాట మార్చేస్తే అందులో ఎప్పుడూ తప్పున్నట్టే ఉండదు, దిద్దిన గీత కూడా కనబడదు. ఉద్యోగం ఉంటుంది. అమ్మ పొద్దున లేచి సంఘంలో అందరికీ చెప్పుకుంటుంది మా నిస్సీ పిల్లను కాపాడిందని. టీ వేడిగా ఉంది, నాలుక కాలింది, కాలినా మింగింది. దాచింది తను, ఆ పిల్ల కాదు. ఊ కొట్టలేదు, కాదనీ అనలేదు, జీవమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుని ఇచ్చి రావడానికి మళ్ళీ కిందికి వెళ్ళింది.

హంపమ్మ వచ్చినప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. భుజాన సంచి, రేగిన తల, ముంజేతి దాకా మిరప ఘాటు, కన్నీళ్ళు వస్తుంటే అరచేత్తో తుడుచుకోవడానికి లేక మోచేతి పైభాగంతో తుడుచుకుంటోంది, చేన్లో నుంచి లేచి అలాగే బస్సెక్కేసింది. "టీచరమ్మా," అంటూ వంగి కాళ్ళు పట్టుకోబోయింది. "నువ్వు ల్యాకుంటే నా బిడ్డ నాకు దక్కకపోవు. వార్డెనమ్మ చెప్పింది. నీ కడుపు సల్లగుండ." నిస్సీ ఆ భుజాలు పట్టుకుని ఆపింది. ఎంత బరువుంటుందో అనుకున్న మాట ఒక్కసారిగా జారిపడింది. "వద్దక్కా. నా వల్లే పడిపోయింది."

హంపమ్మకు అర్థం కాలేదు. ఆటలోనా, నువ్వు తోసినావా, అంది. నిస్సీ చెప్పడం మొదలుపెట్టింది, ప్రోగ్రాం, ట్రూ, ఫాల్స్, అండ్, మాటలన్నీ ఆ తల్లి ముఖానికి తగిలి కింద పడిపోతున్నాయి. "నాకు సదువు రాదు. తెలిసేటట్ల చెప్పు," అంది హంపమ్మ. అప్పుడు నిస్సీ గోడకు చెయ్యి ఆనించి నెమ్మదిగా చెప్పింది, "జీవమ్మక్క నాకు ఆయాసమో, కళ్ళు తిరగడమో అని చెప్పింది. నేను ఆయాసమూ, కళ్ళు తిరగడమూ అని రాశాను. భువనకు ఆయాసం ఒక్కటే ఉండింది." చెబుతుంటే తనకే వింతగా ఉంది, ఓ, ఊ, ఇంతే తేడా, తన భాషలో పుట్టినప్పటి నుంచీ ఉన్న తేడా, దీన్ని నేర్చుకోవడానికి ఏ కోర్సూ అక్కర్లేదు. హంపమ్మ వెంటనే అందుకుంది. "ఆయమ్మ ఏదో ఒకటుంటే సాలు, తోలమనింది. నువ్వు రెండూ ఉంటేనే తోలమని రాసినావు."

"అవునక్కా."

"మర్సిపోయినావా?"

మర్చిపోయాననడానికి ఆమె దారిచ్చింది. కావాలని ఇచ్చిందో, ఊరికే అడిగిందో. "లేదు. ఆ రోజు పాఠానికి అట్లా కుదిరింది. తర్వాత మారుద్దామనుకున్నా. మార్చలేదు."

వరండాలో జనం ఇద్దరినీ చుట్టుకుని పోతున్నారు. కొడుతుందేమో అనిపించింది, కొడితే బాగుండు అని కూడా అనిపించింది. "ఆ మిషన్‌కు కండ్లు ల్యావు," అంది హంపమ్మ చివరికి, గొంతు పెంచకుండా. "నీకుండాయి గదా. దినామూ నా బిడ్డ మొగం సూస్తాంటివి గదా. నాకు ఫోన్లో ఆయాసమని చెప్పింది, సరిగ్గా తినుపో అంటి, నేను యాడో గుంటూరు సేన్లలో ఉంటి. నువ్వు ఈడ్నే ఉంటివి గదమ్మా." నిస్సీ తల ఊపింది, అవును, ఇక్కడే ఉన్నాను, కనబడింది, చూశాను. ఏడుపు రాబోతుంటే ఆపుకుంది, ఇప్పుడు ఏడిస్తే ఈమె ఓదార్చాల్సి వస్తుంది. హంపమ్మ సంచి భుజం మార్చుకుని, లోపలికి రెండడుగులు వేసి, ఆగి వెనక్కి తిరిగింది. "ఇంకెంతమంది పిల్లోల్లకు అట్ల చెప్పిందది?"

నిన్నటి నుంచి, రాత్రంతా, ఈ గంటంతా, తన తప్పు, తన ముఖం, తన ఉద్యోగం, తన ప్రార్థన, వీటి చుట్టూనే తిరిగింది, పచ్చగా పర్వాలేదు చూసుకుని క్లాసులకు వెళ్ళిపోయిన మిగతా పిల్లలు ఒక్కరూ గుర్తు రాలేదు. కుమిలిపోవడం కూడా తన గురించి తను ఆలోచించుకోవడమేనా? మెట్లు దిగి పరిగెత్తింది. జీవమ్మ గేటు దగ్గర టీ బండి పక్కన ఉంది. వగరుస్తూ అంతా చెప్పేసింది, ఈసారి ఎక్కడా ఆగకుండా. జీవమ్మ నోరు తెరిచి చూసింది, ముఖం ముందు ఎర్రబడి తర్వాత పాలిపోయింది. "ఏదున్నా అని చెప్పినా గదే నీకు," అంది. ఇంకేదో అనబోయి, "నేనన్నా రెప్ప లాగి సూడల్సింది. ఆ కంప్యూటర్ మాటిని పంపించేస్తి," అని, ఫోన్ తీసి వార్డెన్‌కు చేసింది. మూకుమ్మడిగా అందర్నీ వరండాలోకి పిలవండి, పచ్చగా వచ్చినోల్లను ముందు, ఒక్కోదాన్ని ఎలుతురులో నిలబెట్టి రెప్ప సూడండి, గోర్లు సూడండి, మీరే అడగండి, లేదంటే నమ్మొద్దు, అని అరిచి అరిచి చెప్పింది. నిస్సీ పక్కనే నిలబడి వింది. కాసేపటికి అటు నుంచి ఫోన్ వచ్చింది. "ఇద్దరున్నారంట ఆయాసపడేటోల్లు. జీపులో తోలిస్తాండారు," అంది జీవమ్మ, నిస్సీ వైపు చూడకుండా. తర్వాత అటే చూస్తూ, "పెద్దోల్లకు నువ్వే చెప్తావా, నేను చెప్పల్నా?" అంది. నేనే చెప్తానక్కా, అంది నిస్సీ.

పైకి వచ్చేసరికి హంపమ్మ వార్డు తలుపు బయట నిలబడి ఉంది. పిల్ల నిద్రపోతోందట, రెండో సీసా పెట్టారట, పక్కన ఒక్కరే ఉండాలట. "ఈ సేతులతో ముట్టల్యాకపోతి," అంది, అరచేతులు చాపి. వేళ్ళు ఎర్రగా మండుతున్నట్టున్నాయి. "సబ్బుతో కడుక్కోనొస్తా. నువ్వు పోయి కూసో." నిస్సీ కదల్లేదు, తనను పంపుతుందని అనుకోలేదు. "పో అంటాండా గదా. ఫోన్ ఇట్లియ్యి. పిల్ల మొగమే సూస్తా కూసో." ఫోన్ ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్ళింది.

మంచం పక్కన ఇనుప స్టూలు మీద కూర్చుని చూసింది. ఇంతసేపు ఒక మనిషిని ఇలా ఎప్పుడూ చూడలేదు. కనుబొమ్మల మధ్య చిన్న మచ్చ, చెవి తమ్మెకు వేపపుల్ల, పెదవులు నిన్నటి కంటే నయం, ఇంకా పాలిపోయే ఉన్నాయి, దుప్పటి ఛాతీ మీద లేస్తోంది, పడుతోంది, సన్నటి గొట్టంలో ఎర్రగా చుక్క తర్వాత చుక్క. పక్క మంచంలో ముసలామె ఏదో గొణుగుతోంది. లేస్తోంది, పడుతోంది. ఎప్పటి నుంచి మొదలైందో గాని, దుప్పటి లేచేదీ పడేదీ త్వరపడుతున్నట్టు అనిపించింది, తన భయమే అలా అనిపిస్తోందా, వంగి చూసింది, మెడ కింద గుంట ఒక్కో శ్వాసకూ లోపలికి పోతోంది, ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయి. "భువనా, ఆయాసంగా ఉందా?" పిల్ల కళ్ళు తెరిచింది, టీచరును చూసి నవ్వడానికి ప్రయత్నించింది. "లేదు టీచర్," అంది. ఆ రెండు మాటల మధ్య ఊపిరి తీసుకుంది. నిస్సీ అప్పటికే లేచి నిలబడింది, స్టూలు వెనక్కి పడింది, సిస్టర్, సిస్టర్, అని వార్డు వార్డంతా తిరిగి చూసేట్టు అరిచింది.

సిస్టరు వచ్చి ఒక్క చూపు చూసి గొట్టం బిగించి రక్తం ఆపింది, తల కింద ఇంకో దిండు పెట్టి పిల్లను లేపి కూర్చోబెట్టింది, డాక్టరు వచ్చాడు, ఇంజెక్షన్ ఇచ్చారు, ముఖానికి ఆక్సిజన్ మాస్కు తొడిగారు. నిస్సీ గోడకు అతుక్కుని నిలబడింది, ఊపిరి లెక్కపెట్టడం తెలియక ఊరికే చూసింది, మెడ గుంట వైపే చూసింది, అది కొంచెం కొంచెంగా నిమ్మళించే దాకా. "ఇంత నీరసించిన గుండెకు రక్తం మెల్లగా ఎక్కాలమ్మా, కొంచెం వేగమైనా తట్టుకోదు. ఇక పర్వాలేదు. తొందరగా పిలిచి మంచి పని చేశారు," అన్నాడు డాక్టరు. మంచి పని అన్న మాట తీసుకుని ఎక్కడ పెట్టుకోవాలో నిస్సీకి తెలియలేదు. నిన్నటిని ఇది కొట్టేయదు, ఇందులోంచి దాన్ని తీసివేసే గుర్తేదీ లేదు, రెండూ ఉంటాయి, పక్కపక్కనే.

హంపమ్మ తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి, మంచం చుట్టూ మనుషుల్ని చూసి, కొయ్యబారిపోయింది. ఏంల్యాదు, తగ్గింది, ఈమె చూసి పిలిచింది, అని సిస్టరు చెబుతుంటే వింది, విన్నదో లేదో, నేరుగా బిడ్డ దగ్గరికి పోయి, తల పట్టుకుని పొట్టకు ఆనించుకుంది. అమ్మా, యెప్పుడొచ్చినావు, అంది భువన మాస్కులో నుంచి. ఇప్పుడే, అంది తల్లి. నిస్సీ కింద పడ్డ స్టూలు లేపి, తుడిచి, ఆమె కూర్చోవడానికి మంచం దగ్గరికి జరిపి, బయటికి పోబోయింది. హంపమ్మ కూర్చోలేదు. ఒక చేత్తో బిడ్డను పట్టుకునే, ఇంకో చేత్తో నిస్సీ భుజం పట్టి ఆపి, ఆ స్టూలు మీదికే కిందికి నొక్కింది. ఆ చెయ్యి తడిగా ఉంది, గట్టిగా ఉంది, అందులో కోపం ఎంత మిగిలి ఉందో తెలియలేదు. "అటు పక్క నేను సూస్తా," అంది హంపమ్మ. "నువ్వు ఇటు సూడు." నిస్సీ కూర్చుంది.